మిషెల్ జౌనర్: స్వతంత్ర డ్రీమ్ పాప్ వాగ్గేయకారిణి సంగీత ప్రస్థానం

మిషెల్ జౌనర్ (జననం: 1989 మార్చి 29, సోల్) కొరియా మూలాలున్న అమెరికన్ గాయని, పాటల రచయిత్రి, స్వరకర్త, గిటారిస్టు. గద్య రచయిత్రిగా, మ్యూజిక్ వీడియోల దర్శకురాలిగా కూడా ప్రసిద్ధురాలు. 2013 నుంచి 'జాపనీస్ బ్రేక్‌ఫస్ట్' పేరుతో పాటలు విడుదల చేస్తున్నారు. ఇంటి క్యాసెట్లతో మొదలైన ఈ ప్రయాణంలో 4 స్టూడియో ఆల్బమ్‌లు, ఒక వీడియో గేమ్ సంగీతం, ఏడాదికి పైగా అమెరికా బెస్ట్‌సెల్లర్ జాబితాలో నిలిచిన ఒక జ్ఞాపకాల పుస్తకం ఉన్నాయి. ఇంత జరిగినా ఆమె పెద్ద రికార్డు కంపెనీల గొడుగు కిందికి వెళ్లలేదు. స్వతంత్ర లేబుళ్లతోనే కొనసాగుతున్నారు.

మాట, బాణీ, గొంతు మూడూ ఒకరివే అయితే తెలుగువారు వాగ్గేయకారులంటారు. ఆ అర్థంలోనే ఈ వ్యాసం జౌనర్‌ను వాగ్గేయకారిణి అంటోంది.

డ్రీమ్ పాప్: నిర్వచనం, నేపథ్యం
(చూడండి: షూగేజ్, ఇండీ రాక్)

డ్రీమ్ పాప్ 1980ల బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ఒక రాక్ శాఖ. ఇందులో ఏ వాద్యమూ విడిగా ముందుకు వచ్చి నిలబడదు. గిటార్లు, కీబోర్డులు ఒకదానిలో ఒకటి కరిగి పాట చుట్టూ మంచులా పరుచుకుంటాయి. గొంతు వాటి మీద కాక వాటి మధ్య ఉంటుంది. మాటల స్పష్టత కంటే వాటి నాదానికి, లయ ఉద్ధృతి కంటే వాతావరణానికి ప్రాధాన్యం ఎక్కువ.

ఈ నాదాన్ని పుట్టించే సాంకేతిక పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది రెవర్బ్: గుడి మండపంలో పాడితే గొంతు ఆగిన తర్వాత కూడా రాళ్లలో మోగుతూ ఉండే తీరును ఇది యంత్రంతో తెస్తుంది. రెండోది డిలే: బావిలోకి కేక వేస్తే తిరిగి వచ్చినట్టు, వాయించిన స్వరం కొద్ది క్షణాల తేడాతో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మూడోది కోరస్: ఒకే స్వరానికి శ్రుతిలోనూ సమయంలోనూ సూక్ష్మమైన తేడా ఉన్న నకలును కలపడం. అప్పుడు ఒక్క గిటారు మోగినా పది మోగినట్టు ఉంటుంది. వీటిని గిటారిస్టులు కాలితో నొక్కే పెడళ్ల ద్వారా వాడతారు.

స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో 1979లో ఏర్పడిన కాక్టో ట్విన్స్ బృందాన్ని ఈ శైలికి మూలస్తంభంగా పరిగణిస్తారు. రాబిన్ గత్రీ గిటారు, అర్థానికి అందకుండా అక్షరాల నాదంతోనే సాగే ఎలిజబెత్ ఫ్రేజర్ గానం తర్వాతి తరాలకు నమూనా అయ్యాయి. వారి ఆల్బమ్‌లను విడుదల చేసిన లండన్ సంస్థ 4ఏడీ కూడా స్వతంత్ర లేబులే. అంటే ఈ శైలికి, స్వతంత్ర సంగీత వ్యాపారానికి బంధం తొలినాళ్ల నుంచే ఉంది. 'డ్రీమ్ పాప్' అన్న పేరును 1980ల చివర్లో ఎ.ఆర్. కేన్ బృందానికి చెందిన అలెక్స్ అయూలీ వాడగా, విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ప్రచారంలోకి తెచ్చారు. అమెరికాలో గెలాక్సీ 500, మ్యాజీ స్టార్ బృందాలు, గాయని జూలీ క్రూజ్ ఈ దారిలో నడిచారు. 2004లో బాల్టిమోర్‌లో మొదలైన బీచ్ హౌస్ ఈ శైలిని కొత్త శతాబ్దపు శ్రోతలకు చేర్చింది.

జౌనర్ సంగీతాన్ని డ్రీమ్ పాప్‌తో పాటు ఇండీ పాప్, లో-ఫై, షూగేజ్ విభాగాల్లోనూ చేరుస్తారు. తొలి రెండు ఆల్బమ్‌లకు డ్రీమ్ పాప్ అన్న పేరు బాగా నప్పుతుంది. తర్వాతి వాటిలో ఆ లక్షణాలు పాక్షికంగానే కనిపిస్తాయి.

బాల్యం, విద్య

జౌనర్ తల్లి కొరియన్, తండ్రి అమెరికన్. బిడ్డకు ఏడాది నిండకముందే కుటుంబం అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణానికి మారింది. ఊరి బయట, చెట్ల మధ్య ఉన్న ఇల్లు. చుట్టుపక్కల కొరియన్ కుటుంబాలు తక్కువ. ఏడాది విడిచి ఏడాది వేసవి సెలవుల్లో తల్లి ఆమెను సోల్‌లోని అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లేవారు. కొరియన్ భాష పూర్తిగా పట్టుబడకపోయినా, కొరియన్ వంట మాత్రం ఆ వేసవుల్లోనే నాలుకకు అలవాటైంది.

గిటారు కోసం తల్లి దగ్గర చాలాకాలం మారాం చేసి, చివరికి కాస్ట్‌కో దుకాణంలో కొన్న ఒక చవక యమహా గిటారు సంపాదించారు. అమెరికా వాయవ్య ప్రాంతపు ఇండీ బృందాలు మోడెస్ట్ మౌస్, బిల్ట్ టు స్పిల్, ఒంటరి గొంతుతో పాడే ఎలియట్ స్మిత్, ఫిల్ ఎల్వెరమ్ ఆమె తొలి శ్రవణం. యా యా యాస్ బృందం గాయని కరెన్ ఓ ప్రభావం వేరే తరహాది. కరెన్ ఓ తల్లి కూడా కొరియనే. వేదిక మీద భయం లేకుండా చెలరేగే అటువంటి గాయనిని చూశాక, తనలాంటి అమ్మాయికీ అక్కడ చోటుందని అనిపించినట్టు జౌనర్ రాశారు. హైస్కూలు రోజుల్లోనే 'లిటిల్ గర్ల్, బిగ్ స్పూన్' పేరుతో యూజీన్‌లోని చిన్న వేదికల మీద పాడారు.

కూతురి సంగీతం మోజు కొన్నాళ్లకు తగ్గుతుందని తల్లి ఎదురుచూశారు. ఈ విషయంలో తల్లీకూతుళ్ల మధ్య తీవ్రమైన ఘర్షణలు జరిగాయి. జౌనర్ పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కళాశాలలో సృజనాత్మక రచన చదివి, 2011లో పట్టా పొందారు.

తొలి బృందాలు, క్యాసెట్ల దశ (2011–2014)
(చూడండి: ఫిలడెల్ఫియా ఇండీ రాక్; బ్యాండ్‌క్యాంప్)

పట్టా చేతికొచ్చాక జౌనర్ ఫిలడెల్ఫియాలో స్థిరపడి 'లిటిల్ బిగ్ లీగ్' బృందంలో గాయనిగా, గిటారిస్టుగా పనిచేశారు. గిటార్లు గట్టిగా మోగే ఈ బృందం రెండు ఆల్బమ్‌లు వెలువరించింది: 'దీజ్ ఆర్ గుడ్ పీపుల్' (2013), 'ట్రాపికల్ జింక్స్' (2014). పగలు చిన్నాచితకా ఉద్యోగాలు, రాత్రి సాధన, సెలవు దొరికితే వ్యాన్‌లో ఊరూరా తిరిగి కచేరీలు. ఆ నగరంలోని ఇండీ బృందాల్లో చాలామందికి అదే జీవితం.

'జాపనీస్ బ్రేక్‌ఫస్ట్' మొదట పక్క పని మాత్రమే. 2013 జూన్ నెలలో రోజుకో పాట రాసి, ఇంట్లోనే రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టాలని నియమం పెట్టుకున్నారు. ఆ పాటలే 'జూన్' అన్న క్యాసెట్ అయ్యాయి. రోజు గడిచేసరికి పాట ముగియాలి కాబట్టి మెరుగులు దిద్దే వ్యవధి లేదు. గొంతు మీద పరుచుకున్న మసక, టేపు బుసబుస, అసంపూర్ణమైన అంచులు అలాగే మిగిలిపోయాయి. 2014లో 'వేర్ ఈజ్ మై గ్రేట్ బిగ్ ఫీలింగ్?', 'అమెరికన్ సౌండ్' అన్న మరో రెండు సంకలనాలు వచ్చాయి.

పేరు గురించి ఒక వివరణ అవసరం. జౌనర్‌కు జపాన్ మూలాలు లేవు. ఇంటర్నెట్‌లో కనిపించిన జపనీస్ ఉదయపు ఫలహారం బొమ్మలు నచ్చి ఈ పేరు ఎంచుకున్నారు. అమెరికన్ చెవికి దూరదేశపు మాట ఒకటి, నిత్యం పలికే మాట ఒకటి పక్కపక్కన ఉండడం ఆమెను ఆకర్షించింది. ఆమె జపనీయురాలన్న పొరపాటు అభిప్రాయానికి ఈ పేరు కారణమవుతూనే ఉంది.

'సైకోపాంప్' (2016)

2014 మే నెలలో తల్లికి క్యాన్సర్ ఉన్నట్టు తెలిసింది. జౌనర్ ఫిలడెల్ఫియా వదిలి, తల్లిని చూసుకోవడానికి యూజీన్ చేరారు. తల్లి బతికుండగానే పెళ్లి జరగాలని తొందరపడి, ఆ శరదృతువులో సంగీతకారుడు పీటర్ బ్రాడ్లీని పెళ్లాడారు. అక్టోబర్‌లో తల్లి మరణించారు.

ఆ తర్వాతి నెలల్లో, యూజీన్ ఇంటి ఆవరణలోని చిన్న కుటీరంలో కూర్చుని పాటలు రాశారు. పాత క్యాసెట్లలోని కొన్ని పాటలను కొత్తగా మలచి వాటితో కలిపారు. అలా తయారైన 'సైకోపాంప్' 2016 ఏప్రిల్ 1న ఎల్లో కె రికార్డ్స్ అనే చిన్న లేబుల్ ద్వారా విడుదలైంది. దాని మొత్తం నిడివి అరగంట కూడా లేదు. చనిపోయినవారి ఆత్మను పరలోకానికి దారి చూపి తీసుకెళ్లే దేవతను గ్రీకులో సైకోపాంప్ అంటారు. ముఖచిత్రం మీద ఉన్నది తల్లి యవ్వనపు ఫొటో. శీర్షిక గీతంలో కొరియన్‌లో మాట్లాడుతూ వినిపించేదీ ఆమె గొంతే.

మొదటి పాట 'ఇన్ హెవెన్'లో యజమానురాలి కోసం ఇల్లంతా వెతుక్కునే పెంపుడు కుక్క కనిపిస్తుంది. దుఃఖం ఇంత దగ్గరిదైనా సంగీతం నీరసంగా ఉండదు. మెరిసే కీబోర్డులు, ఎగసే పల్లవి, రెవర్బ్‌లో సగం దాగిన గొంతు కలిసి పాటను పైకి లేపుతాయి. విషాదపు మాటకు వెలుగున్న బాణీ కట్టే ఈ పద్ధతి తర్వాత ఆమె ముద్ర అయింది. 'ఎవ్రీబడీ వాంట్స్ టు లవ్ యూ' వీడియోలో జౌనర్ తన తల్లిదైన హాన్‌బోక్ (కొరియన్ సంప్రదాయ వస్త్రం) ధరించి, రాత్రివేళ వీధుల్లో తిరుగుతూ, గిటారు వాయిస్తూ కనిపిస్తారు.

ఇదే చివరి సంగీత ప్రయత్నం అనుకున్న కాలమది. అప్పటికి ఆమె న్యూయార్క్‌లో ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగి. ఆల్బమ్‌కు వచ్చిన ఆదరణ ఆ నిర్ణయాన్ని మార్చింది. మిట్స్కీ, జే సోమ్‌లతో కలిసి 2016 వేసవిలో పర్యటనకు వెళ్లారు. ముగ్గురూ ఆసియా మూలాలున్న అమెరికన్ వాగ్గేయకారిణులే. ఇండీ రాక్ చరిత్రలో అటువంటి కూర్పు అరుదు. అదే ఏడాది డెడ్ ఓషన్స్ లేబుల్ ఆమెతో ఒప్పందం కుదుర్చుకుని ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసింది.

'సాఫ్ట్ సౌండ్స్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్' (2017)

2017 జులై 14న విడుదలైన రెండో ఆల్బమ్‌ను జౌనర్ మొదట అంతరిక్ష కథాగేయంగా తలపోశారు. ఆ ప్రణాళిక పూర్తిగా నిలవలేదు. దాని ఆనవాలుగా యంత్రాన్ని ప్రేమించిన స్త్రీ గురించిన 'మెషినిస్ట్' మిగిలింది. అందులో యంత్రంతో మార్చిన గొంతు, సాక్సోఫోన్ వినిపిస్తాయి. డ్రమ్మర్ క్రెయిగ్ హెండ్రిక్స్ సహ నిర్మాత.

ఆరు నిమిషాలకు పైగా సాగే తొలి పాట 'డైవింగ్ ఉమన్'కు ప్రేరణ దక్షిణ కొరియాలోని జేజూ దీవి హెన్యోలు. వీరు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకి నత్తగుల్లలు, సముద్రపు నాచు ఏరుకొచ్చే స్త్రీలు. రోజూ క్రమం తప్పక పనిలో మునిగే మనిషిగా మారాలన్న కోరికకు వారిని ప్రతీకగా తీసుకున్నారు. 'బాయిష్' లిటిల్ బిగ్ లీగ్ కాలపు పాట. పాత రూపంలో గిటార్ల హోరు ఉండగా, ఇక్కడ అదే పాట 1960ల నాటి ప్రేమగీతంలా నెమ్మదిగా, వాద్యబృందపు హంగుతో నడుస్తుంది. ఒకే వాగ్గేయకారిణి రెండు దశలను పోల్చి వినదలచినవారికి ఈ రెండు రూపాలు ఉపయోగపడతాయి.

మొదటి ఆల్బమ్ మరణపు తక్షణ గాయమైతే, ఇది ఆ తర్వాతి కాలం. 'ద బాడీ ఈజ్ ఎ బ్లేడ్'లో మనసు సహకరించకపోయినా రోజులను ఈదుకుంటూ పోయే శరీరం గురించి పాడారు. ఆ పాట వీడియోకు ఆమే దర్శకురాలు. అందులో కుటుంబపు పాత ఫొటోలు కనిపిస్తాయి. ఆల్బమ్‌తో పాటు 'జాపనీస్ బ్రేక్‌క్వెస్ట్' అనే చిన్న కంప్యూటర్ ఆట కూడా విడుదల చేశారు.

గద్య రచన: 'క్రయింగ్ ఇన్ హెచ్ మార్ట్'
(చూడండి: జ్ఞాపక సాహిత్యం, ఆసియన్ అమెరికన్ సాహిత్యం)

పాటకు చరణాల హద్దు ఉంటుంది. తల్లి వంటింట్లో వాసనలు, ఆసుపత్రిలో గడియలు, ఒకరినొకరు నొప్పించుకున్న మాటలు అందులో పట్టవు. వాటి కోసం జౌనర్ గద్యానికి మళ్లారు. కొరియన్ వంట, తల్లి మరణం గురించి రాసిన వ్యాసానికి 2016లో గ్లామర్ పత్రిక పోటీలో బహుమతి వచ్చింది. 2018 ఆగస్టులో న్యూయార్కర్ ప్రచురించిన 'క్రయింగ్ ఇన్ హెచ్ మార్ట్' వ్యాసాన్ని చాలామంది చదివారు. దాన్నే పుస్తకంగా పెంచి రాయగా, నాఫ్ సంస్థ 2021 ఏప్రిల్ 20న ప్రచురించింది.

హెచ్ మార్ట్ అమెరికా అంతటా శాఖలున్న కొరియన్ కిరాణా దుకాణం. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పటేల్ బ్రదర్స్ ఎటువంటిదో, కొరియన్ కుటుంబాలకు ఇది అటువంటిది. ఏ బ్రాండు నాచు కొనాలో అడగడానికి ఫోన్ చేయాల్సిన అమ్మ ఇప్పుడు లేదు, ఇక నేను కొరియన్‌నేనా అన్న ప్రశ్న ఆ దుకాణపు అరల మధ్య నిలబడ్డ కూతురికి ఎదురవుతుంది. యూట్యూబ్‌లో మాంగ్చీ వంట వీడియోలు చూస్తూ కిమ్చీ పెట్టడం, జబ్బు మనిషికి పైన్ గింజల జావ కాయడం నేర్చుకోవడం పుస్తకంలోని ముఖ్య ఘట్టాలు. కథ సోల్‌లో, ఆమె కచేరీ తర్వాత, పెద్దమ్మతో కలిసి పెర్ల్ సిస్టర్స్ పాడిన 1960ల నాటి పాటను పాడుకునే దృశ్యంతో ముగుస్తుంది.

ఈ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో రెండో స్థానంలో అడుగుపెట్టింది. 2021కి గుడ్‌రీడ్స్ పాఠకుల ఎంపిక పురస్కారం జ్ఞాపకాల విభాగంలో దీనికే దక్కింది. 2022లో కొరియన్ అనువాదం వచ్చింది. సినిమాగా తీసేందుకు ఓరియన్ పిక్చర్స్ హక్కులు తీసుకున్నట్టు 2021లో ప్రకటించారు. చిత్రానువాదం జౌనర్‌కే అప్పగించారు.

'జూబిలీ' (2021)

రెండు ఆల్బమ్‌లు, ఒక పుస్తకం దుఃఖం చుట్టూ తిరిగాక, మూడో ఆల్బమ్ ఆనందం గురించి ఉండాలని జౌనర్ నిర్ణయించుకున్నారు. 'జూబిలీ' చాలావరకు 2019లోనే సిద్ధమైనా కరోనా కారణంగా ఆగి, 2021 జూన్ 4న వచ్చింది. ఈ ఆల్బమ్ కోసం ఆమె సంగీత శాస్త్రం, పియానో కొత్తగా నేర్చుకున్నారు. బ్యోర్క్ ఆల్బమ్ 'హోమోజెనిక్'ను నమూనాగా చెప్పుకున్నారు. వయొలిన్లు, ట్రంపెట్లు, సాక్సోఫోన్ చేరాయి. గొంతు మీద పరుచుకున్న మసక చాలావరకు తొలగింది.

'బీ స్వీట్' పాటను వైల్డ్ నథింగ్ పేరుతో డ్రీమ్ పాప్ చేసే జాక్ టాటమ్‌తో కలిసి రాశారు. 1980ల నాట్య సంగీతపు బేస్ గిటారు నడకతో ఉన్న ఈ పాట ఆమె పాటల్లో అత్యంత ప్రజాదరణ పొందింది. 'పాప్రికా' పేరు సతోషీ కోన్ తీసిన జపనీస్ యానిమేషన్ చిత్రం నుంచి వచ్చింది. 'సావేజ్ గుడ్ బాయ్'లో భూగర్భ గృహంలో దాక్కుందాం రమ్మని ఒక స్త్రీని ఒప్పించే కోటీశ్వరుడే కథకుడు. దీని వీడియోలో నటుడు మైకెల్ ఇంపెరియోలీ కనిపిస్తారు. 'కొకొమో, ఇండియానా'లో ఒక చిన్న ఊరి కుర్రవాడు మాట్లాడతాడు. అంతవరకు ఎక్కువగా తన గొంతుతోనే పాడుకున్న రచయిత్రి ఈ ఆల్బమ్‌లో పరాయి పాత్రల్లోకి ప్రవేశించారు.

ముఖచిత్రంలో ఆమె చుట్టూ పెర్సిమన్ పండ్లు వేలాడుతుంటాయి. కొరియాలో ఇలా దారానికి కట్టి వేలాడదీస్తే వగరు పోయి, ఎండి తియ్యబడతాయి.

'సేబుల్', ఇతర కృషి

లండన్‌కు చెందిన షెడ్‌వర్క్స్ తయారు చేసిన 'సేబుల్' వీడియో గేమ్‌కు జౌనర్ చేసిన సంగీతం 2021 సెప్టెంబర్‌లో విడుదలైంది. ఎడారిలో తన దారి వెతుక్కునే యువతి కథ ఇది. ఆటగాడు ఎక్కడ ఎంతసేపు ఆగుతాడో ముందుగా తెలియదు కాబట్టి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినా అతుకు తెలియని సంగీతం కావాలి. డ్రీమ్ పాప్‌లోని వాతావరణ గుణానికి ఇక్కడ నేరుగా పని దొరికింది. గేమ్‌లో ఎక్కువ భాగం మాటలు లేని వాద్య సంగీతమే.

క్రయింగ్ బృందానికి చెందిన రైయన్ గాలోవేతో కలిసి 'బంపర్' పేరుతో 2020లో ఒక చిన్న సంకలనం చేశారు. 2025లో సెలిన్ సాంగ్ దర్శకత్వంలో వచ్చిన 'మెటీరియలిస్ట్స్' సినిమాకు ఒక పాట ఇచ్చారు.

'ఫర్ మెలాంకలీ బ్రునెట్స్ (అండ్ సాడ్ విమెన్)' (2025)

పుస్తకం, గ్రామీ నామినేషన్లు, ఎడతెగని పర్యటనల తర్వాత వచ్చిన నాలుగో ఆల్బమ్ 2025 మార్చి 21న విడుదలైంది. బ్లేక్ మిల్స్ నిర్మాత. లాస్ ఏంజిలిస్‌లోని ప్రసిద్ధ సౌండ్ సిటీ స్టూడియోలో రికార్డు చేశారు. అంతకుముందు ఆల్బమ్‌లు గోదాముల్లో, సొంతంగా అమర్చుకున్న గదుల్లో తయారయ్యాయి. పూర్తి స్థాయి స్టూడియోలో చేసిన తొలి ఆల్బమ్ ఇదే.

'జూబిలీ' ఆర్భాటం ఇక్కడ లేదు. వేళ్లతో మీటే గిటార్లు, మెత్తని తంత్రీ వాద్యాలు, చెవి దగ్గర చెప్పినట్టుండే గొంతు ఉన్నాయి. శీర్షిక అమెరికన్ కథకుడు జాన్ చీవర్ కథలోని మాటల నుంచి వచ్చింది. 'ఓర్లాండో ఇన్ లవ్' పేరు వెనుక 15వ శతాబ్దపు ఇటాలియన్ కవి బొయార్డో కావ్యం, 'మేజిక్ మౌంటెన్' పేరు వెనుక థామస్ మాన్ నవల ఉన్నాయి. 'మెగా సర్క్యూట్'లో డ్రమ్స్ వాయించినది జిమ్ కెల్ట్నర్. 'మెన్ ఇన్ బార్స్' పాటలో నటుడు జెఫ్ బ్రిడ్జెస్ ఆమెతో గొంతు కలిపారు.

రికార్డింగ్ ముగిశాక, ఆల్బమ్ విడుదలకు ముందు, 2024లో ఆమె సోల్‌లో నివసిస్తూ కొరియన్ భాష నేర్చుకున్నారు. రెండో పుస్తకానికి అదే వస్తువు.

సంగీత లక్షణాలు

నాలుగు ఆల్బమ్‌లను వరుసగా వింటే గొంతు స్థానం మారుతూ రావడం గమనించవచ్చు. 2016లో అది రెవర్బ్ పొరల వెనుక ఉంది. 2017లో వాద్యాలతో సమానంగా నిలిచింది. 2021లో వాద్యాల ముందుకు వచ్చింది. 2025లో వాద్యాలే తగ్గి గొంతుకు చోటిచ్చాయి. పాటలో ఎంత దాచాలి, ఎంత చెప్పాలి అన్న నిర్ణయం ఆమె దగ్గర మాటలతో పాటు శబ్ద విన్యాసంలోనూ జరుగుతుంది.

గీత రచనలో ఆమెది కథకురాలి పద్ధతి. భావాన్ని పేరుపెట్టి చెప్పడం కంటే ఒక వస్తువును, ఒక గదిని, ఒక పనిని చూపుతారు. కుక్క, కారు, ఈత, తిండి వంటి సామాన్య విషయాలు పదేపదే వస్తాయి. శరీరం, కోరిక గురించి మొహమాటం లేకుండా రాస్తారు.

స్వతంత్ర వృత్తి నిర్మాణం
(చూడండి: స్వతంత్ర రికార్డు లేబుళ్లు, సంగీత హక్కులు)

ప్రపంచ రికార్డు వ్యాపారంలో యూనివర్సల్, సోనీ, వార్నర్ మూడు అతి పెద్ద సంస్థలు. వాటి యాజమాన్యంలో లేనివి స్వతంత్ర లేబుళ్లు. డెడ్ ఓషన్స్ 2007లో మొదలైంది. సీక్రెట్లీ కెనేడియన్, జాగ్‌జాగ్వార్‌లతో పాటు ఇండియానా రాష్ట్రానికి చెందిన సీక్రెట్లీ గ్రూప్‌లో భాగం. మిట్స్కీ, ఫీబీ బ్రిడ్జర్స్, షూగేజ్ మార్గదర్శకులు స్లోడైవ్ కూడా ఈ లేబుల్ నుంచే పాటలు వెలువరించారు.

జౌనర్ ప్రస్థానంలో మూడు అంచెలు స్పష్టం. మొదట సొంతంగా ఇంటర్నెట్‌లో, క్యాసెట్ల మీద. తర్వాత ఎల్లో కె వంటి అతి చిన్న లేబుల్. ఆ తర్వాత అంతర్జాతీయ పంపిణీ ఉన్న స్వతంత్ర సంస్థ. ప్రతి అంచెలోనూ రచన, నిర్మాణం, వీడియోల దర్శకత్వంలో ఆమె చేయి ఉంది. వీడియోలకు ఛాయాగ్రాహకుడు ఆడమ్ కొలోడ్నీతో ఆమెది దీర్ఘకాలిక భాగస్వామ్యం. బృందంలో భర్త పీటర్ బ్రాడ్లీ గిటారు, లిటిల్ బిగ్ లీగ్ నాటి సహచరుడు డెవెన్ క్రేగ్ బేస్, క్రెయిగ్ హెండ్రిక్స్ డ్రమ్స్ వాయిస్తారు.

ఇటువంటి వృత్తిలో కచేరీలు, వినైల్ రికార్డులు, టీషర్టుల అమ్మకం ముఖ్య ఆదాయ మార్గాలు. జౌనర్ విషయంలో పుస్తకం, గేమ్ సంగీతం, సినిమా పాట కూడా వాటికి తోడయ్యాయి. 'ద సిమ్స్ 4' ఆట కోసం 'బీ స్వీట్'ను అందులోని కల్పిత భాషలో మళ్లీ పాడారు. భారతదేశంలో 2023 జనవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో జరిగిన తొలి లొల్లాపలూజా ఇండియా ఉత్సవంలో జాపనీస్ బ్రేక్‌ఫస్ట్ పాడింది. డ్రీమ్ పాప్ బృందం సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ కూడా అదే ఉత్సవంలో ఉంది.

గుర్తింపు, ప్రాముఖ్యం

2022 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన 64వ గ్రామీ వేడుకకు జాపనీస్ బ్రేక్‌ఫస్ట్ ఉత్తమ నూతన కళాకారులు, ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్ విభాగాల్లో నామినేట్ అయింది. మొదటిది ఒలివియా రోడ్రిగోకు, రెండోది సెయింట్ విన్సెంట్‌కు దక్కాయి. 'నూతన' అన్న ఆ నామినేషన్ వచ్చేనాటికి జౌనర్ ఈ పేరుతో పాటలు విడుదల చేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లు దాటింది. అదే ఏడాది టైమ్ పత్రిక 100 మంది ప్రభావశీలుర జాబితాలో చేరారు. మే 21న 'శాటర్డే నైట్ లైవ్' టీవీ కార్యక్రమంలో పాడారు.

విమర్శకుల అంచనాల్లో ఏకాభిప్రాయం లేని అంశాలూ ఉన్నాయి. 'జూబిలీ'తో ఆమె డ్రీమ్ పాప్ వదిలి ప్రధాన స్రవంతి పాప్ వైపు జరిగారని కొందరు భావిస్తారు. ఆ శైలి పరిధే విస్తరించిందని మరికొందరు అంటారు. నాలుగో ఆల్బమ్ నెమ్మదితనాన్ని పరిణతిగా చూసినవారూ, 'బీ స్వీట్' వంటి హుషారు పాటను ఆశించినవారూ ఉన్నారు.

చారిత్రకంగా ఆమె స్థానం రెండు విషయాల మీద నిలుస్తుంది. శ్వేతజాతీయులే అధికంగా కనిపించిన అమెరికన్ ఇండీ రాక్‌లో ఆసియా మూలాలున్న స్త్రీలు కేంద్రానికి వచ్చిన దశలో ఆమె ముఖ్యురాలు. ఒకే అనుభవాన్ని పాటగా, వ్యాసంగా, పుస్తకంగా, దృశ్యంగా వేర్వేరు రూపాల్లో మలచి, ప్రతి రూపంలోనూ పాఠకులను, శ్రోతలను సంపాదించడం రెండోది. 'బీ స్వీట్' కొరియన్ రూపాన్ని 2022లో సే సో నియాన్ బృందపు గాయని సో యూన్‌తో కలిసి పాడారు. తల్లి భాషలో ఆమె విడుదల చేసిన పాట అది.

ప్రధాన కృతులు

స్టూడియో ఆల్బమ్‌లు: 'సైకోపాంప్' (2016), 'సాఫ్ట్ సౌండ్స్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్' (2017), 'జూబిలీ' (2021), 'ఫర్ మెలాంకలీ బ్రునెట్స్ (అండ్ సాడ్ విమెన్)' (2025).
తొలి సంకలనాలు: 'జూన్' (2013), 'వేర్ ఈజ్ మై గ్రేట్ బిగ్ ఫీలింగ్?' (2014), 'అమెరికన్ సౌండ్' (2014).
లిటిల్ బిగ్ లీగ్‌తో: 'దీజ్ ఆర్ గుడ్ పీపుల్' (2013), 'ట్రాపికల్ జింక్స్' (2014).
గేమ్ సంగీతం: 'సేబుల్' (2021).
పుస్తకం: 'క్రయింగ్ ఇన్ హెచ్ మార్ట్' (2021).

ఇవి కూడా చూడండి: కాక్టో ట్విన్స్, బీచ్ హౌస్, మిట్స్కీ, హెన్యో, కిమ్చీ